‘కనెక్ట్ కావడం లేదు’ అంటే ఎక్కడ ఆగినట్టు?

దీపావళి సెలవుల్లో మా నాయినమ్మ దగ్గర కూర్చొని 62 మగ్గం మాటలు రాసుకున్నాను. పోగొట్టుకున్నాను కూడా. ముందు ఆ సంగతి చెబితేనే మిగతాది ఎందుకు రాస్తున్నానో తెలుస్తుంది.

మన డిపార్ట్‌మెంట్‌లో వృత్తిపదాల పట్టిక ఒకటి నడుస్తున్నదని మీ అందరికీ తెలుసు. క్లాసులో మేడం మాండలిక వృత్తిపదకోశం గురించి చెప్పారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసింది. ఆ పని ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో జరిగింది. సోలాపూర్‌కు వలస వచ్చిన మన మగ్గాల దగ్గర ఆ మాటలు ఏమయ్యాయి, ఏవి మిగిలాయి, ఏవి మరాఠీలోకి మారాయి అన్నది మన పట్టిక పని. పట్టిక లాబ్‌లోని ఒక ఉబుంటు కంప్యూటర్‌లో, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో ఉంది. వరుసకు ఐదు గళ్లు: క్రమసంఖ్య, పదం, అర్థం, మరాఠీ మాట, చెప్పినవారి వయసు.

మేము ఉండేది విడీ ఘర్కుల్‌లో. విడీ అంటే బీడీ, ఘర్కుల్ అంటే చిన్న ఇల్లు. పేరులోనే మొత్తం ఉంది. నాయినమ్మ ఇప్పుడు చాట ఒళ్లో పెట్టుకొని తునికాకు కత్తిరిస్తుంది గాని, చిన్నప్పుడు ఆమె పని కండెలు చుట్టడం. ఆకు కత్తిరిస్తూనే మాటలు చెప్పింది. నేను వాటిని మా అన్న పాత కంప్యూటర్‌లో ఎక్సెల్‌లో టైపు చేశాను. పట్టికలోకి ఎక్కించాలంటే సీఎస్‌వీ ఫైలు కావాలన్నారు కదా అని, సేవ్ చేసేటప్పుడు సీఎస్‌వీ అని కనబడిన దాన్ని నొక్కాను. ఏదో హెచ్చరిక వచ్చింది. చదవకుండానే ‘సరే’ అన్నాను. తెర మీద అక్షరాలన్నీ బాగానే ఉన్నాయి. మూసేశాను.

సోమవారం లాబ్‌లో పెన్‌డ్రైవ్ పెట్టి తెరిస్తే 62 వరుసల్లోనూ ప్రశ్నార్థకాలే. క్రమసంఖ్య ఉంది, వయసు గడిలో 71 ఉంది. తక్కినవన్నీ ప్రశ్నార్థకాలు.

లాబ్ సార్ చూసి, “ఇవి అక్షరాలు కనబడక వచ్చిన గుర్తులు కావమ్మా, ఫైల్లో నిజంగా ప్రశ్నార్థకాలే ఉన్నాయి. వెనక్కి తేలేం” అన్నారు. ఎందుకు తేలేమో కింద రాస్తాను. ఆ రోజే అనుకున్న, ఇక ఫైళ్లు మోయడం వద్దు, ఇంటి నుంచే నేరుగా కాలేజీ పట్టికలో టైపు చేస్తానని. అట్లా చేయడానికి నాకు తొమ్మిది సాయంత్రాలు పట్టింది. మీకు ఒక్క సాయంత్రంలో కావాలని ఈ పాఠం.

మొదట ఒక తేడా చెప్పాలి. మనం ఫోన్‌లో ఆంధ్రభారతి నిఘంటువు తెరిచి ఒక మాట వెతికినప్పుడు మనం డేటాబేస్‌తో మాట్లాడం. ఆ వెబ్‌సైటు మన తరఫున మాట్లాడి జవాబు తెచ్చిస్తుంది. అందుకే ఎక్కడి నుంచైనా పనిచేస్తుంది. మన పట్టికకు అట్లాంటి మధ్యవర్తి లేడు. హైడీ ఎస్‌క్యూఎల్ అనే ఉచిత ప్రోగ్రాం పెట్టుకొని మన కంప్యూటరే నేరుగా ఆ కంప్యూటర్ తలుపు తట్టాలి. తట్టడానికి నాలుగు సంగతులు కావాలి: చిరునామా, తలుపు నంబరు, పేరు, పాస్‌వర్డ్. తలుపు నంబరునే పోర్టు అంటారు. మైఎస్‌క్యూఎల్‌ది మామూలుగా 3306.

ఇంకో మాట. నేను చేసిన పెద్ద తప్పు ఏందంటే, కనెక్ట్ కానప్పుడల్లా ఏదో ఒకటి మార్చి చూడడం. పాస్‌వర్డ్ మార్చిన, ప్రోగ్రాం తీసేసి మళ్లీ పెట్టిన, అన్నతో కొట్లాడిన. వచ్చిన మెసేజ్ మాత్రం చదవలేదు. ఇంగ్లీషు మెసేజ్ ఎర్రగా కనబడితే మనకు భయం, వెంటనే మూసేస్తాం. కానీ చివర బ్రాకెట్‌లో ఉండే ఆ నంబరే మనం దారిలో ఎంత దూరం పోయి ఆగామో చెబుతుంది.

మొదటి సాయంత్రాలన్నీ వచ్చిన నంబరు 10060. అర నిమిషం దాకా తిరిగి తిరిగి వస్తుంది. దాని అర్థం, తట్టాను, ఎవరూ పలకలేదు. తిట్టి పంపినా నయమే, మనిషి ఉన్నాడని తెలుస్తుంది. ఇది అట్లా కాదు, పూర్తి నిశ్శబ్దం. నిశ్శబ్దం వస్తే పాస్‌వర్డ్ గురించి ఆలోచించడమే దండగ, అది అడిగే దాకా మనం పోనే లేదు. నా చిరునామానే తప్పు. లాబ్‌లో రాసుకొచ్చిన కాగితం మీద 192.168.1.20 అని ఉంది. లాబ్‌లో అది పనిచేసింది కదా, ఇంట్లో ఎందుకు చేయదు? ఎందుకంటే 192.168తో మొదలయ్యేవి, 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా ఉండేవి లోపలి చిరునామాలు. ఎవరి భవనంలో వాళ్లు వాడుకోవడానికి పక్కన పెట్టినవి. 1996 నాటి నియమం ఇది. ఘర్కుల్‌లో ఇండ్లన్నీ ఒక్క తీరుగనే ఉంటాయి. ‘12వ నంబరు ఇల్లు’ అని ఒక్క మాట పట్టుకొని వస్తే, ఏ వరుసలో 12 అని అడగరా? నేను ఇంటి నుంచి 192.168.1.20ని పిలిచినప్పుడు నా కంప్యూటర్ మా ఇంటి వరుసలోనే ఆ నంబరు కోసం వెతికింది. మీ దగ్గర ఉన్న చిరునామా ఈ మూడింట్లో ఒకటి అయితే, ఇంటి నుంచి అది ఎప్పటికీ పనిచేయదు.

సార్‌ను అడిగి కాలేజీ బయటి చిరునామా తెచ్చుకున్నాను. మళ్లీ 10060. ఈసారి చిరునామా సరైనదే. కాలేజీ ఫైర్‌వాల్ 3306కు బయటి నుంచి వచ్చే వాళ్లకు జవాబే ఇవ్వదు. దీన్ని తేల్చుకోవడానికి విండోస్ పవర్‌షెల్‌లో ఒక ఆజ్ఞ ఉంది: టెస్ట్-నెట్‌కనెక్షన్, తర్వాత చిరునామా, తర్వాత -పోర్ట్ 3306. (ఆజ్ఞలను ఇక్కడ మన లిపిలో రాస్తున్నాను, టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.) జవాబులో ‘టీసీపీ టెస్ట్ సక్సీడెడ్’ పక్కన ట్రూ ఉంటే తలుపు తెరిచి ఉంది, ఫాల్స్ ఉంటే లేదు. చాలామంది పింగ్ చేసి చూస్తారు. పింగ్‌కు జవాబు వస్తే ఇల్లు ఉందనే, ఫలానా తలుపు తెరిచి ఉందని కాదు. రాకపోతే ఇల్లు లేదనీ కాదు, పింగ్‌కు పలకవద్దని చెప్పి ఉండవచ్చు.

నేను సార్ దగ్గరికి పోయి, “3306 బయటికి తెరవండి సార్” అన్నాను. సార్ తెరవలేదు. అప్పుడు కోపం వచ్చింది, ఇప్పుడు ఆయనదే సరి అనిపిస్తుంది. ఇంటర్నెట్‌లో తెరిచిన పోర్టుల కోసం పగలూ రాత్రీ వెతికే ప్రోగ్రాంలు ఉంటాయి. దొరికితే పాస్‌వర్డ్‌లు ఒకదాని తర్వాత ఒకటి వేసి చూస్తాయి. మన పట్టిక దోచుకుంటే వాళ్లకు ఏమొస్తుంది అంటే, ఏమీ రాదు, పాడుచేసి డబ్బు అడుగుతారు. పోనీ నా ఇంటి చిరునామా ఒక్కదానికే అనుమతి ఇవ్వమంటే అదీ కుదరదు. మాది ఫోన్ హాట్‌స్పాట్. బయటికి కనబడే చిరునామా ఇవాళ ఒకటి, రేపు ఒకటి.

సార్ చూపిన దారి ఎస్‌ఎస్‌హెచ్ సొరంగం. లాబ్ తలుపును ఊరందరికీ తెరవడం కాదు. గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపించి లోపలికి పోయి, లోపలి నుంచి లాబ్ తలుపు తట్టడం. లోపలి నుంచి తట్టేవాళ్లనూ మైఎస్‌క్యూఎల్ పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. విండోస్ 10లో 2018 నుంచి వచ్చిన వెర్షన్లలో ఎస్‌ఎస్‌హెచ్ లోపలే ఉంటుంది, కొత్తగా ఏమీ పెట్టుకోనక్కర లేదు.

గుర్తింపు కార్డు అంటే తాళం చెవుల జత. ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ అని కొడితే రెండు ఫైళ్లు పుడతాయి. చివర ‘.పబ్’ ఉన్నది సార్‌కు ఇవ్వాలి. ఆ ముక్క లేనిది మన కంప్యూటర్ దాటి ఎక్కడికీ పోకూడదు, వాట్సాప్‌లో అసలే పంపకూడదు. నేను రెండోదే పంపబోయాను. పేర్లు ఒకే తీరుగ ఉంటాయి, చూసి పంపండి.

తర్వాత కొట్టాల్సిన వరుస ఇది: ఎస్‌ఎస్‌హెచ్ -ఎన్ -ఎల్ 3307:127.0.0.1:3306, ఖాళీ వదిలి మీ పేరు@కాలేజీ చిరునామా. విడదీసి చదివితే కష్టం లేదు. నా కంప్యూటర్‌లో 3307 అనే తలుపు పెట్టు. దాంట్లో ఏది వేసినా సొరంగం గుండా కాలేజీ కంప్యూటర్‌కు తీసుకుపో. అక్కడ 127.0.0.1లో 3306 తలుపు దగ్గర ఇవ్వు. 127.0.0.1 అంటే ఏ కంప్యూటర్‌కైనా ‘నేనే’ అని అర్థం. ఇక్కడ ఆ ‘నేనే’ అన్నది మన కంప్యూటర్ కాదు, సొరంగం ఆ చివర ఉన్నది. ఈ ఒక్క మాట దగ్గర నేను రెండు రోజులు తికమకపడ్డాను. ఆ నల్ల కిటికీ ఏమీ చెప్పకుండా అట్లాగే ఉండిపోతుంది. పాడైందనుకొని మూసేయకండి, అది మూస్తే సొరంగం మూసుకుపోతుంది.

ఇప్పుడు హైడీలో చిరునామా 127.0.0.1 అని ఇచ్చి, పోర్టు 3306 అని పాత అలవాటుగా వదిలేశాను. ఈసారి 10060 కాదు, 10061. అదీ తొందరగానే వచ్చింది. 10061 అంటే నిశ్శబ్దం కాదు, నిరాకరణ. ఇల్లు ఉంది, ఆ నంబరు తలుపు దగ్గర ఎవరూ లేరు అని ఇల్లే చెబుతోంది. అవును మరి, నా కంప్యూటర్‌లో 3306 దగ్గర ఎవరుంటారు? నేను పెట్టిన తలుపు 3307. ఒక్క అంకె మార్చాను.

లాబ్‌లోనే ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు పోయేటప్పుడు కూడా 10061 రావచ్చు. అప్పుడు కారణం వేరు. ఉబుంటులో మైఎస్‌క్యూఎల్ పెడితే అది మామూలుగా 127.0.0.1 దగ్గర మాత్రమే వింటుంది. సెట్టింగ్‌ల ఫైల్లో బైండ్-అడ్రెస్ అనే వరుస చూస్తే తెలుస్తుంది. సొరంగంలో పోయే వాళ్లకు అది అడ్డం కాదు, పైగా మంచిదే.

3307 పెట్టాక వచ్చింది 1045. నేను ఎగిరి గంతేశాను. నాయినమ్మ, “ఏందే, అయ్యిందా?” అంది. “కాలే. కానీ వద్దంటున్నది” అన్నాను. వద్దన్నందుకు సంబరపడే పిల్లను అప్పుడే చూసి ఉంటుంది. 10060, 10061 విండోస్ చెప్పే మాటలు. 1045 మాత్రం మైఎస్‌క్యూఎల్ తానే స్వయంగా చెప్పే మాట. అంటే దారి మొత్తం బాగుంది, కాలేజీ దాకా పోయాను, గుమ్మంలో నిలబడ్డాను. ఇప్పుడు చూడాల్సింది పేరు, పాస్‌వర్డ్ మాత్రమే.

ఇక్కడ మైఎస్‌క్యూఎల్ పద్ధతి ఒకటి తెలియాలి. మన పెద్దోళ్లు పేరు ఒక్కటి వింటే ఊకోరు, “ఏ ఊరోళ్లు?” అని కూడా అడుగుతారు. మైఎస్‌క్యూఎల్ కూడా అంతే. దానికి మనిషి అంటే పేరు, ఎక్కడి నుంచి వచ్చాడన్నది, రెండూ కలిపి. ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ అయినా లోకల్‌హోస్ట్ నుంచి వస్తే రానిచ్చి, వేరే చోటి నుంచి వస్తే వద్దనవచ్చు. ఆ చోటి నుంచి ఎవరినీ రానివ్వను అంటే 1130 అనే నంబరు వస్తుంది. నా మెసేజ్‌లో నా పేరు పక్కన లోకల్‌హోస్ట్ అని ఉంది, ఊరు సరిపోయింది. చివర ‘యూజింగ్ పాస్‌వర్డ్: యెస్’ అని ఉంది. నో అని ఉంటే పాస్‌వర్డ్ పోనే లేదని. యెస్ కాబట్టి పోయింది, తప్పు పోయింది.

నాకు పాస్‌వర్డ్ కంఠతా వచ్చు. పది సార్లు కొట్టాను. చివరికి నోట్‌ప్యాడ్‌లో కొట్టి చూస్తే మరాఠీ అక్షరాలు వచ్చాయి! మా కీబోర్డులో మూడు భాషలు. నాన్న మరాఠీలో అర్జీ టైపు చేసి అట్లాగే వదిలి లేచాడు. పాస్‌వర్డ్ గడిలో చుక్కలే కనబడతాయి కాబట్టి ఏ లిపిలో కొడుతున్నామో తెలియదు. రెండు భాషల ఇండ్లు మనలో చాలా మందివి. 1045 వస్తే ముందు తెర మూలన ఏ భాష ఉందో చూడండి.

అట్లా లోపలికి పోయాను. అయినా వెంటనే మాటలు ఎక్కించలేదు. ఒకసారి కాలింది కదా. ‘పడుగు’ అనే ఒక్క మాట వేసి, వెనక్కి చదివి, దాని బైట్లు అడిగాను. హెక్స్ అనే ఆజ్ఞ ఇస్తే డేటాబేస్ లోపల అసలు ఏముందో చెబుతుంది. యూనికోడ్‌ను యూటీఎఫ్-8 పద్ధతిలో దాస్తే మన తెలుగు గుర్తు ప్రతిదానికీ మూడు బైట్లు. ‘ప’ అయితే ఈ0 బీ0 ఏఏ. తెలుగు మొత్తం ఈ0 బీ0తో గాని ఈ0 బీ1తో గాని మొదలవుతుంది. ప్రశ్నార్థకం అయితే ఒకటే బైటు, 3ఎఫ్. ఇదే అసలు పరీక్ష. తెర మీద డబ్బాలో, చెత్తో, ఏది కనబడినా సరే, లోపల ఈ0 బీ0 ఉంటే మాట క్షేమం, చూపించే ప్రోగ్రాందే తప్పు. లోపల 3ఎఫ్ ఉంటే తెలుగు పోయింది, మిగిలింది ప్రశ్నార్థకమే. పట్టిక అక్షరమాల కూడా చూసుకోవాలి, అది యూటీఎఫ్8ఎంబీ4 అని ఉండాలి. మైఎస్‌క్యూఎల్ 8.0లో మామూలుగా అదే ఉంటుంది, పాతవాటిలో లాటిన్1 ఉండేది, దాంట్లో తెలుగుకు చోటే లేదు.

నా ఎక్సెల్ ఫైలుకు జరిగింది ఇదే. ఎక్సెల్‌లో రెండు రకాల సీఎస్‌వీలు ఉంటాయి. పేరులో యూటీఎఫ్-8 అని ఉన్నది ఒకటి, లేనిది ఒకటి. లేనిది ఇంగ్లీషు లాంటి కొన్ని భాషల అక్షరాలకే చోటున్న పాత పద్ధతిలో దాస్తుంది. చోటు లేని ప్రతి గుర్తుకూ ఒక ప్రశ్నార్థకం పెడుతుంది. ప కూ అదే, మ కూ అదే. అందుకే వెనక్కి తేలేం.

కానీ ప్రతి గుర్తుకూ ఒక ప్రశ్నార్థకం అన్న మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. అయితే లెక్క పోలేదు కదా! యూనికోడ్ లెక్క మన అక్షరాల లెక్క కాదు. గుణింతం గుర్తు వేరు, హల్లు వేరు, పొల్లు వేరు, సున్న వేరు. ‘పేక’ అంటే మనకు రెండు అక్షరాలు, దానికి మూడు గుర్తులు. ‘మగ్గం’ కూడా మనకు రెండే, దానికి మ, గ, పొల్లు, గ, సున్న, అయిదు. ఆ పాత ఫైలును ముందు పెట్టుకొని ప్రశ్నార్థకాలు లెక్కపెట్టాను. నాయినమ్మ ఏ వరుసలో చెప్పిందో కొంత గుర్తుంది. నాలుగు గుర్తుల మాటలు చాలా వచ్చాయి. నాడె నాలుగు, కండె నాలుగు. ఏది ఏది? మరాఠీ గడి కాపాడింది. నాడెకు మరాఠీ ధోటా, దేవనాగరిలో నాలుగు గుర్తులు. కండెకు కాండీ, అయిదు గుర్తులు. నాలుగు-నాలుగు ఉన్న వరుస నాడె, నాలుగు-అయిదు ఉన్నది కండె. రెండు లిపుల్లో రాయడం వల్ల ఒక మాట ఇంకో మాటకు సాక్ష్యం చెప్పింది.

ఇట్లా రోజూ సాయంత్రం ఆకు ముందు పెట్టుకొని నాయినమ్మ, ప్రశ్నార్థకాలు ముందు పెట్టుకొని నేను. “మల్లా అడుగుతున్నవేందే, మొన్ననే చెప్తిని గద” అని మొదటి రోజు విసుక్కుంది. తర్వాత ఆమెకే ఆట అయింది. “ఎన్ని చుక్కలు?” అని అడిగేది. ఆరు అంటే, “రాట్నం రాసినవా?” అనేది. రాసిన, అది 9వ వరుస. దొరికిన మాటను దొరికినట్టే సొరంగంలోంచి కాలేజీ పట్టికలో వేస్తూ పోయాను, వేసిన ప్రతిసారీ హెక్స్ చూస్తూ. కొన్ని మాటలు రెండోసారి వేరేగా చెప్పింది, లెక్క కుదరలేదు. మొదట ఏమన్నదో ఆమెకు గుర్తు లేదు, నాకూ లేదు.

62లో 57 తిరిగి వచ్చాయి. 38వ వరుస ఎంతకూ తేలలేదు. పదం గడిలో ఆరు ప్రశ్నార్థకాలు. అర్థం గడిలో అయిదు, ఖాళీ, నాలుగు, ఖాళీ, మూడు. మరాఠీ గడి ఖాళీ, ఎందుకంటే ఆ రోజు నాయినమ్మ, “దానికి మరాఠీల పేరే లేదు” అని నవ్వింది. ఆ నవ్వు గుర్తుంది, మాట గుర్తు లేదు. పట్టికలో ఆ వరుసను ఖాళీగా ఉంచాను. కింద ఆ అయిదు వరుసలనూ ప్రింటు తీసి అంటించాను, పెన్సిల్ దారంతో కట్టి ఉంది. మీ ఇంట్లో మగ్గం మీద కూర్చున్న పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే, మరాఠీలో పేరు లేని ఆరు గుర్తుల మగ్గం మాట ఏదని అడగండి. చెప్పినవారి వయసు కూడా పక్కన రాయండి.